ఖాళీ బకెట్ ఒకటి

కొంగ గ్లాసు ముట్టుకోలేదు.

నేను ఆ గదిలోకి వచ్చేసరికి టైము పదకొండూ పది. అతని ముందు స్టీలు గ్లాసులో అంచుదాకా నీళ్ళున్నాయి. పదకొండున్నరకీ అంచుదాకానే ఉన్నాయి. అతని పెదాలు ఎండి పొరలు లేచాయి. మాట్లాడేముందు నాలుకతో తడుపుకోబోయి, తడి లేక ఊరుకుంటున్నాడు. రెండుసార్లు గ్లాసు వైపు చూశాడు. రెండుసార్లూ, ఎదురుపడకూడని మనిషి ఎదురుపడ్డట్టు చూపు పక్కకి తిప్పుకున్నాడు.

ఇరవై రెండేళ్ళుగా ఈ రిజర్వాయర్ మీద పడవ నడుపుతున్న మనిషి. పొడుగ్గా, సన్నగా, మెడ ముందుకు సాచి నిలబడతాడని తోటివాళ్ళు కొంగ అని పేరు పెట్టారు. అసలు పేరు హాజరు పుస్తకంలో తప్ప ఎక్కడా వినబడదు. నీళ్ళ మీద తేలుతూ నీటి మంచిచెడ్డలు కొలిచే సెన్సర్ డబ్బాలు ఇక్కడ తొమ్మిది. మూడోది అతని బాధ్యత. ఊరికి నీళ్ళు వదిలే గేటు దగ్గరుండేది ఆ మూడోదే.

మంగళవారం పదకొండూ రెండుకి ఆ డబ్బా ప్రమాదం అంది. పది నిమిషాలపాటు అదే మాట అంటూ ఉండేసరికి గేటు దానంతటదే మూసుకుంది. పదకొండూ నలభై ఒకటికి అంతా మామూలే అంది. కానీ మూయడం యంత్రం పని, తెరవడం మనుషుల పని. నీళ్ళలో ఏం కలిసిందో తేల్చి ఇద్దరు అధికారులు సంతకం పెడితేనే గేటు లేవాలని రూలు. ఏం కలిసిందో ఎవరికీ తెలియదు. ఇవాళ గురువారం. రెండు రోజులుగా ఊరు ఊరంతా ట్యాంకర్ల వెనక పరుగెడుతోంది. ఆ సమయంలో మూడో డబ్బా దగ్గరున్న ఒకే ఒక్క మనిషి నా ఎదురుగా కూర్చున్నాడు. మధ్యాహ్నం రెండింటికి అతని కోసం పోలీసు బండి వస్తుంది.

"మంగళవారం పదకొండింటికి ఎక్కడున్నారు?" అని అడిగాను.

"మూడో డబ్బా దగ్గరండి."

"ఏం చేస్తున్నారు?"

"కడుగుతున్నా. పాచి పడుతుంది కదా, వారానికోసారి కడగాలి. మంగళవారం నాది."

"ఆసిడ్ సీసా తీసుకెళ్ళారట. తిరిగి స్టోరుకి రాలేదట."

"చెయ్యి జారి నీళ్ళలో పడిందండి." జవాబు తడుముకోకుండా వచ్చింది. రెండు రోజులుగా లోపల వల్లెవేసుకుంటున్న పాఠంలా వచ్చింది.

"నీళ్ళలో విషం కలిపారా?"

"కలిపినట్టే కదండీ."

ఈ మాటనే విజిలెన్స్ అధికారి 'నేరం ఒప్పుకున్నాడు' అని రాసుకున్నాడు. నేను వేరే ప్రశ్న వేశాను. ఏ విలువా లేని ప్రశ్న.

"డబ్బా కడగడానికి ఎంతసేపు పడుతుంది?"

"ఎప్పుడూ పట్టేంతసేపే."

"ఎప్పుడూ ఎంత పడుతుంది?"

కొంగ మెడ మీద నరం ఒకటి లేచింది.

విషం గురించి అడిగితే వెంటనే పలికినవాడు, కడగడం గురించి అడిగితే మూగబోయాడు. మనుషుల చేత నిజం చెప్పించే నా వృత్తిలో నేను నేర్చుకున్నది చాలా తక్కువ. అందులో ఒకటి ఇది: మనిషి తన రహస్యాన్ని తను భయపడే చోట దాచడు, సిగ్గుపడే చోట దాస్తాడు.

"ఆ గ్లాసులోవి సీసా నీళ్ళే. బయటినుంచి తెప్పించినవి. తాగొచ్చు," అన్నాను.

"తెలుసండి." తల వంచుకున్నాడు. "ఊళ్ళో పిల్లలున్న ఇళ్ళలో లేవు కదండీ."

నేను ఏడేళ్ళప్పుడు మా ఇంట్లో ధర్మామీటరు పగలగొట్టాను. ఆ సాయంత్రమే మా నానమ్మ పోయింది. ఎవరూ నన్నేమీ అనలేదు. కానీ పదమూడేళ్ళు వచ్చేదాకా నానమ్మను చంపింది నేనే అన్న నమ్మకంతో అన్నం తిన్నాను, బడికి వెళ్ళాను, నిద్రపోయాను. పక్కపక్కన జరిగిన రెండు విషయాలకు మనసు తనంతట తనే ముడి వేస్తుంది. ఆ ముడి విప్పాలంటే మరొకరి వేళ్ళు కావాలి. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకునేది ఎప్పుడూ దొంగే కాదు. ఒక్కోసారి గుమ్మడికాయ మొహం కూడా చూడనివాడు తడుముకుంటాడు.

తలుపు తట్టకుండా తెరుచుకుంది.

"పదిహేను నిమిషాలన్నారు. ఇరవై మూడయింది," అన్నాడు విజిలెన్స్ అధికారి.

పొట్టిగా, దిట్టంగా, చొక్కా జేబులో ఎర్రటి లక్క కడ్డీ, అగ్గిపెట్టె పెట్టుకుని తిరిగే మనిషి. ఏ ముడి కనిపించినా దానిమీద లక్క కరిగించి సీలు వేయందే నిద్రపట్టదు. పంపుహౌసులో ఆయన్ని చాటుగా లక్క అంటారు. ఆయనకీ తెలుసు.

"మూడో డబ్బా మంగళవారం కొలిచిన అంకెల గీత ఇతనికి చూపించారా?" అని అడిగాను.

"ముద్దాయికి సాక్ష్యం చూపిస్తారా ఎక్కడైనా? పదకొండు ప్రాంతంలో అలారం వచ్చిందని చెప్పాను. చాలు. చూపిస్తే దానికి తగ్గట్టు కథ అల్లుకుంటాడు."

"కథ అల్లుకునేవాడైతే ఈపాటికి అల్లుకునేవాడే."

"మీ చెల్లెలు పిలిచిందని వచ్చారు. ఆవిడ కంట్రోల్ రూములో కూర్చుని కేకలు వేస్తే సత్యం మారదు. ఆసిడ్ సీసా పోయింది. అలారం వచ్చింది. మనిషి అక్కడున్నాడు. ఒకటీ రెండూ మూడూ. ఇంకేం కావాలి మీకు?"

"నాలుగు," అన్నాను.

*

కంట్రోల్ రూములో మా చెల్లెలు నిలబడే ఉంది. కుర్చీలో కూర్చుని రెండు రోజులైనట్టుంది. గేటు తెరిచే రెండు సంతకాల్లో ఒకటి ఆమెది, రెండోది లక్కది. ఎప్పుడూ తెరమీద గీతలు చూస్తూ ఉంటుందని ఇక్కడ అందరూ గీతలమ్మ అంటారు. ఇంట్లో చిన్నప్పుడు మేం పెట్టిన పేర్లకన్నా ఇదే నయం.

"అన్నయ్యా, నాకు తెలిసిందంతా చెప్పేస్తా, నువ్వు మధ్యలో ఆలోచనలో పడిపోకు," అంది. "ఇది చూడు. నీళ్ళలోకి కాస్త కరెంటు పంపి ఎంత సరుకు కరిగి ఉందో కొలిచే గీత. మామూలుగా మూడువందల పది. మంగళవారం పదకొండూ రెండుకి రెండువేల తొమ్మిదివందలు."

"ఏం కరిగింది?"

"అదే దీనితో చిక్కు. ఎంత కరిగిందో చెబుతుంది, ఏం కరిగిందో చెప్పదు."

మనిషి ముఖం కూడా అంతే అనుకున్నాను. ఆలోచనలో పడ్డానని పసిగట్టి మోచేత్తో పొడిచింది.

"ఆసిడ్ కాదా?"

"ఆసిడ్ అయితే, పులుపు పెరిగేకొద్దీ దిగే ఈ కింది గీత పడిపోవాలి. అది రవ్వంత కూడా కదల్లేదు. అయినా అర లీటరు ఆసిడ్ ఈ రిజర్వాయర్‌లో పడితే దానికి తెలియనైనా తెలియదు. లక్క గారికి ఇదే చెప్పా. 'అయితే మీ మిషన్‌కి తెలియని విషం' అన్నారు. అన్నది అన్నట్టు రాసుకున్నారు కూడా."

నేను గీత ఆకారం చూశాను. నాకు అంకెలు రావు. ఆకారాలు వస్తాయి. మూడువందల పది దగ్గర సన్నగా వణుకుతూ వస్తున్న గీత, పదకొండూ రెండు దగ్గర గోడలా నిటారుగా లేచింది. ముప్ఫై తొమ్మిది నిమిషాలు బల్లపరుపుగా నడిచింది. మళ్ళీ గోడలా కిందికి దిగింది.

"వానాకాలం బురదనీళ్ళు వచ్చినప్పుడు గీత ఇలాగే దిగుతుందా?"

"దిగదు. తోక ఉంటుంది. పెద్ద వరదైతే మూడు రోజుల తోక."

"మరి దీని తోక ఏది?"

చెల్లెలు తెర దగ్గరికి జరిగింది.

"ఇక్కడ ఈ వణుకేంటి?" అని అడిగాను.

"అలలు. గాలికి నీళ్ళు కదులుతుంటాయి కదా, గీతకి నూగు ఉంటుంది ఎప్పుడూ."

"ఈ ముప్ఫై తొమ్మిది నిమిషాల్లో నూగు ఏమైంది?"

గీత అక్కడ గొరిగినట్టు నున్నగా ఉంది. 

"వేడి కొలిచే గీత ఉందా?"

ఉంది. పైకి తెచ్చింది. పదకొండూ రెండుకి ముందు ఇరవై నాలుగు డిగ్రీలు. ఆ వెంటనే ఇరవై ఏడు. అక్కడినుంచి మెట్టు మెట్టు ఎక్కి పదకొండూ నలభైకి ఇరవై తొమ్మిది. నలభై ఒకటికి మళ్ళీ ఇరవై నాలుగు.

"అరగంటలో రిజర్వాయర్ మొత్తం కాగిందా, చెల్లాయ్?"

"వేడికి అలారం లేదన్నయ్యా," అంది నెమ్మదిగా. "అలారం లేదు కదా అని ఈ గీత వైపు నేను చూడనేలేదు." ఆ మెట్ల మీద వేలు పెట్టి, "రెండు రోజులు. ఇక్కడే ఉంది. నా ముక్కు కింద," అంది.

"ఆ ముప్ఫై తొమ్మిది నిమిషాలు మూడో డబ్బా కొలిచింది రిజర్వాయర్‌ని కాదు. వేరే నీళ్ళని. కొంచెం నీళ్ళు. కదలని నీళ్ళు. ఎండలో ఉన్న నీళ్ళు."

అప్పటికి టైము పన్నెండూ ఇరవై.

*

పడవను ఒడ్డున ఇనుప కొక్కేనికి కట్టారు. ఆ ముడి మీద లక్క. పడవ మీద కప్పిన టార్పాలిన్ నాలుగు మూలలా లక్క. విజిలెన్స్ అధికారి నాకన్నా ముందే అక్కడికొచ్చి కాళ్ళు దూరంగా పెట్టి నిలబడ్డాడు.

"సీలు పగలగొట్టాలంటే కారణం రాయాలి," అన్నాడు.

"మీరు స్వాధీనం చేసుకున్న వస్తువుల జాబితా ఒకసారి చదువుతారా?"

ఆయన కాగితం చూడకుండానే చెప్పాడు. "మోటారు ఒకటి. తెడ్లు రెండు. తాడు ఇరవై అడుగులు. బ్రష్షు ఒకటి. గుడ్డపీలికలు. ఖాళీ బకెట్ ఒకటి."

"ఖాళీ అని ఎలా తెలిసింది?"

"ఏంటండీ ఈ ప్రశ్న? అందులో ఏమీ లేదు కాబట్టి."

"లోపలికి చూశారా?"

"ఖాళీ బకెట్లోకి చూడ్డమేంటి?"

ఖాళీ అన్న మాట రాయగానే కన్ను మూసుకుంటుంది. అది ఆయన తప్పు కాదు, మాట స్వభావం అది. కానీ ఆ సంగతి ఆయనతో చర్చించే సమయం కాదు. కారణం రాసిచ్చాను. ఆయన తన చేత్తోనే సీలు విరిచాడు. పన్ను పీకించుకుంటున్నవాడిలా మొహం పెట్టాడు.

నీలం రంగు బకెట్. కొత్తది. పడవలో మిగతావన్నీ ఏళ్ళ తరబడి నానినవే, ఇదొక్కటే మెరుస్తోంది. ఎండలోకి వంచి చూశాను. అడుగున, అంచు చుట్టూ, తెల్లటి పొర. సున్నం గీసినట్టు. లోపలి గోడ మీద ఒక మట్టందాకా సెన్సర్ ఇనుప గూడు రాసుకున్న గీతలు.

వేలు తడి చేసి పొర మీద రాసి నాలుక మీద పెట్టుకున్నాను.

"ఏయ్!" లక్క నా చెయ్యి పట్టుకున్నాడు. మొదటిసారి ఆయన గొంతులో నిజమైన గాభరా విన్నాను. "విషమైతే?"

"అయితే మీ కేసు రుజువైనట్టే. మీకే లాభం."

ఆయన చెయ్యి వదల్లేదు. నేను నాలుక చప్పరించాను.

"ఉప్పు," అన్నాను.

"ఏ ఉప్పు?"

"మీ ఇంట్లో ఉండేదే."

ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. సరిగ్గా అప్పుడే మెయిన్ గేటు దగ్గర గోల మొదలైంది. గార్డు గొంతు ఒకటి, దానిమీద ఎక్కి స్వారీ చేస్తున్న ఒక ముసలి గొంతు ఒకటి.

"లోపలికి పంపనంటే పంపకు నాయనా! మా అల్లుడికి భోజనం నువ్వే ఇచ్చెయ్యి. నా బకెట్టు నాకిచ్చెయ్. పోతా!"

లక్క తల నెమ్మదిగా అటు తిరిగింది. నాదీ తిరిగింది.

*

ఆవిడ కొంగ అత్తగారు. డెబ్భై దాటి ఉంటాయి. చేతిలో భోజనం క్యారేజీ. మోకాళ్ళ నొప్పితో ఒక్కో అడుగూ ఆచితూచి వేస్తోంది, నోటికి మాత్రం ఏ నొప్పీ లేదు. ఒడ్డున ఉన్న బల్ల మీద కూర్చోబెట్టాను.

"ఇది మీదేనామ్మా?" అని బకెట్ చూపించాను.

"మరి? పోయిన నెల కొనుక్కున్నా. నా ఒక్కదానికే. ఇంట్లో ఎవరూ ముట్టుకోకూడదని చెప్పా. విన్నాడా! మంగళవారం పొద్దున తన బకెట్టు పిడి ఊడిందని నాది ఎత్తుకుపోయాడు. మా అమ్మాయి నోరు మెదిపితే ఒట్టు."

"దీంతో ఏం చేస్తారు మీరు?"

"కాళ్ళు పెట్టుకుంటా బాబూ. మోకాళ్ళకి డాక్టరు చెప్పాడు, వేణ్ణీళ్ళలో కల్లుప్పు వేసి కాళ్ళు పెట్టుకోమని. సోమవారం పెట్టుకున్నా. నీళ్ళు పారబోసి కడగమని మా అమ్మాయికి చెప్పా. పారబోసింది. కడిగిందో లేదో దానికే తెలియాలి."

"ఉప్పు ఎంత వేస్తారు?"

"చేతికి ఎంత వస్తే అంత. కరగంది అడుగున ఉంటుంది, దాన్ని కాళ్ళతో తొక్కుతుంటే హాయిగా ఉంటుంది. ఏం, ఉప్పుకి కూడా కేసా?"

లక్క గొంతు సవరించుకున్నాడు. "అమ్మా, మీ అల్లుడు ఆ బకెట్‌తో పడవలో ఏం చేస్తాడో తెలుసా?"

ఆవిడ ఆయన్ని పైనుంచి కిందిదాకా చూసింది. "తెలియకేం? కడిగేటప్పుడు ఆ మిషన్‌ని అందులో కూర్చోబెడతాడు. తొమ్మిది మందీ అంతే. దాన్ని చిన్న చెరువంటారు వాళ్ళు. మీ ఆఫీసులో ఇంత మంది ఉన్నారు, ఆ మాత్రం తెలియదా నాయనా?"

చెల్లెలు నా వెనకే నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో గమనించలేదు. "తెలియదమ్మా," అంది. 

కడిగేముందు నొక్కాల్సిన బటన్ ఒకటుంది, 'మరమ్మతు' అని. అది నొక్కితే ఆ కాసేపు సెన్సర్ చూపే అంకెలు లెక్కలోకి రావు, కానీ సెన్సర్ హాజరు తగ్గుతుంది. హాజరు తగ్గిన డబ్బా సోమవారం మీటింగులో పెద్ద తెర మీద ఎర్రగా వస్తుంది, పక్కన దాని మనిషి పేరుతో సహా. ఏళ్ళ తరబడి నీళ్ళలో పనిచేసి జుట్టు నెరిసిన మనుషులు, కుర్రకారు ముందు ఎర్రటి అక్షరాల్లో తమ పేరు చూసుకోలేక, ఒక ఉపాయం కనిపెట్టారు. బటన్ నొక్కరు. బకెట్‌లో రిజర్వాయర్ నీళ్ళే నింపి సెన్సర్‌ని అందులో దించుతారు. పడవలో కూర్చుని డబ్బా పైభాగం, గొలుసు కడుగుతారు. సెన్సర్ తను నీళ్ళలోనే ఉన్నాననుకుంటుంది. తెర పచ్చగా ఉంటుంది. ఆరేళ్ళుగా ఎవరికీ నష్టం లేదు, ఒక ముసలావిడ మోకాళ్ళు నొప్పి పుట్టేదాకా.

"ఆ తెర పెట్టించింది నేనే," అంది చెల్లెలు.

ఇక మిగిలింది లక్క. ఆయన చేతిలో పట్టుకునే మీటరు తెప్పించాడు. బకెట్‌లో రిజర్వాయర్ నీళ్ళు పోయించాడు. మొదట రిజర్వాయర్లో ముంచాడు: మూడువందల పది. తర్వాత బకెట్‌లో పొరను బ్రష్షుతో రుద్ది ముంచాడు: తొమ్మిదివందల నలభై.

"అడుగున అంటుకుపోయిన పొరకే ఇంత," అన్నాను. "మంగళవారం కరగని కల్లుప్పు కూడా ఉంది."

ఆయన మీటరు అలాగే పట్టుకుని ఎండలో పది నిమిషాలు నిలబడ్డాడు. వేడి అంకె ఇరవై ఆరు నుంచి ఇరవై ఏడుకి మెట్టు మెట్టు ఎక్కుతుంటే చూశాడు. చెమట ముక్కు చివరినుంచి కారుతున్నా తుడుచుకోలేదు. ఆయన మీద నాకు మొదటిసారి గౌరవం కలిగింది. తన తప్పును ఇంత జాగ్రత్తగా కొలుచుకునేవాళ్ళను నేను ఎక్కువమందిని చూడలేదు.

"అంటే," అంది అత్తగారు ఇదంతా చూసి, "నా కాళ్ళు పెట్టుకున్న బకెట్టుకా మీరు ఊరంతటికీ తాళం వేశారు?"

 చెల్లెలికి ముందు నవ్వొచ్చింది, తర్వాత ఆగలేదు. పమిట నోటికి అడ్డం పెట్టుకున్నా భుజాలు ఊగుతూనే ఉన్నాయి. లక్క జేబులోంచి కాగితం తీశాడు. 'ఖాళీ' అన్న మాట మీద ఒక గీత కొట్టి, పక్కన పొట్టి సంతకం పెట్టాడు. తర్వాత గేటు తెరిచే ఉత్తర్వు తీసి, దాని మీద పొడుగు సంతకం పెట్టాడు.

టైము ఒంటిగంటా నలభై.

*

కొంగకి చెప్పే పని నేనే తీసుకున్నాను. ముందు సీసా సంగతి చెప్పాను. తర్వాత బకెట్ సంగతి.

"అయితే... నీళ్ళకి ఏం కాలేదా?"

"ఏం కాలేదు."

"నా సీసా వల్ల?"

"దానికి తెలియనైనా తెలియదు."

"మా అత్తగారి ఉప్పా?" అన్నాడు. అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. "బకెట్ సంగతి చెబితే తొమ్మిది మందీ పోతారనుకున్నానండి. నా ఒక్కడితో పోతుందిలే అని..."

"ఎవరూ పోరు. మేడమ్ ఆ తెర తీయించేస్తోంది."

మోటార్ల చప్పుడు మొదలైంది. నేల కొద్దిగా అదిరింది. గేటు లేస్తోంది. గ్లాసులో నీళ్ళ మీద చిన్న చిన్న వలయాలు పుట్టాయి. కొంగ వాటిని చూస్తూ కూర్చున్నాడు. తర్వాత గ్లాసు రెండు చేతులతో ఎత్తి, మెడ వెనక్కి వాల్చి, ఆపకుండా తాగాడు. గొంతు కదలడం చూశాను. ఎన్నో ఏళ్ళ కిందట నాకెవరైనా వచ్చి ధర్మామీటరు సంగతి చెప్పి ఉంటే ఇలాగే తాగి ఉండేవాణ్ణి. గ్లాసు దించి, "ఇంకోటి ఉందా అండీ?" అన్నాడు.

మూడు తాగాడు.

కంట్రోల్ రూములోకి అతను అడుగుపెట్టడం అదే మొదటిసారట. ఆరేళ్ళుగా తన చేతుల మీదుగా పుట్టిన గీతలు ఎలా ఉంటాయో చూడలేదు. గుమ్మం దగ్గర చెప్పులు విడిచాడు. చెల్లెలు కుర్చీ లాగి కూర్చోబెట్టింది. అతని వెనక క్యారేజీ ఒళ్ళో పెట్టుకుని అత్తగారు. గోడకి ఆనుకుని లక్క.

"నూగు లేని చోట్లన్నీ వెతకమన్నాను మిషన్‌ని," అంది చెల్లెలు. "ఆరు నెలలవి. ఇవిగో, ఎర్ర చుక్కలన్నీ మీ చిన్న చెరువులే. రెండువందలకి పైగా ఉన్నాయి. మహానుభావులు మీరు!"

కొంగ సిగ్గుపడ్డాడు, కానీ ఆ సిగ్గులో కాస్త గర్వం కూడా ఉంది. వేలు పెట్టి చెప్పడం మొదలుపెట్టాడు. "ఇది నాదండి, మంగళవారం. ఇది మా తోడల్లుడిది, రెండో డబ్బా, బుధవారం. ఇది బక్కోడిది. వాడు తొందరపడతాడు, ఇరవై నిమిషాల్లో తీసేస్తాడు చూడండి. ఇది ఏడోది, సోమవారం, పెద్దాయనది..."

వేలు ఆగింది.

"ఇది మాది కాదండి."

"ఏది?"

"ఏడో డబ్బాకే గురువారం చుక్కలేంటి? పెద్దాయన సోమవారం కడుగుతాడు. గురువారాలు ఆ వైపు మావాళ్ళెవరూ వెళ్ళరు." వేలుతో లెక్కపెట్టాడు. "ఏడు గురువారాలు. రెండేసి గంటలు. మేం ఎవరం నలభై నిమిషాలు మించి ఉంచమండి. రెండు గంటలుంచితే నీళ్ళు కాగిపోయి దొరికిపోతాం."



ఏడో డబ్బా ఎగువన, ఒక పిల్లకాలువ వచ్చి కలిసే చోట ఉంటుంది. ఆ కాలువ పొడుగాటి ప్రహరీ గోడ వెనకనుంచి వస్తుంది. లోపల ఏ ఫ్యాక్టరీ ఉందో చెప్పే బోర్డు గోడకి లేదు. కాలువలో చెడ్డ నీళ్ళు వస్తే మొదట అరవాల్సింది ఏడో డబ్బాయే. అది రెండు గంటలు మంచినీళ్ళ బకెట్‌లో కూర్చుంటే, ఆ రెండు గంటలూ కాలువలో ఏం వచ్చినా పలకదు. మన పనివాళ్ళు సిగ్గు దాచుకోవడానికి కనిపెట్టిన ఉపాయాన్ని ఎవరో గోడ మీంచి చూసి నేర్చుకున్నారు.

"ఎన్ని గంటలకి మొదలవుతుంది?" అన్నాడు లక్క. అడుగుతున్నప్పుడే గోడనుంచి విడివడ్డాడు.

చెల్లెలు చూసింది. "రెండూ ఐదు. రెండూ ఎనిమిది. రెండూ నాలుగు."

అందరం గోడగడియారం వైపు చూశాం. రెండూ మూడు. ఇవాళ గురువారం.

ఏడో డబ్బా గీతను చెల్లెలు తెర నిండా పెద్దది చేసింది. ఈ క్షణాన అక్కడ నీళ్ళు ఎలా ఉన్నాయో అలా, సన్నగా వణుకుతూ, నూగుతో, ఎడమనుంచి కుడికి నడుస్తోంది. అత్తగారు కూడా ఊపిరి బిగబట్టింది. రెండూ నాలుగు. రెండూ ఐదు. గీత వణుకుతోంది. రెండూ ఆరు.

నూగు పోయింది. గీత గొరిగినట్టు నున్నగా సాగింది. వేడి గీత ఒక మెట్టు ఎక్కింది.

"పెట్టేశాడు," అన్నాడు కొంగ. గుసగుసలా అన్నాడు.

బయట బండి ఆగిన చప్పుడైంది. కొంగ కోసం రావాల్సిన పోలీసు బండి. లక్క కిటికీలోంచి చూసి, "ఆలస్యంగా వచ్చినా మంచికే వచ్చారు," అన్నాడు. "బండిని రోడ్డు మీదుగా ఆ ప్రహరీ గోడకి పంపిస్తా. మనం నీళ్ళ మీదుగా వెళ్దాం. పడవ సీలు ఎటూ నాతోనే విరగ్గొట్టించారుగా."

"ఆ పడవ నాకు తప్ప ఎవరికీ స్టార్టవ్వదండి," అన్నాడు కొంగ లేస్తూ.

"అందుకే నువ్వు కూడా." ఒక్క క్షణం ఆగాడు. "మీరు కూడా."

"గేటు?" చెల్లెలి చెయ్యి బటన్ మీద ఉంది.  "ఇప్పుడే తెరిచాం అన్నయ్యా. ఇప్పుడే మూసేయాలా?"

ఆ ప్రశ్న నన్ను అడిగింది. జవాబు కొంగ గుమ్మం దగ్గర చెప్పుల్లో కాళ్ళు దూరుస్తూ, తల కూడా తిప్పకుండా చెప్పాడు.

"తెరిచే ఉంచండమ్మా. ఏడు నుంచి గేటు దాకా నీళ్ళు రావాలంటే ఆరు గంటలు. ఊరు కడుపునిండా పట్టుకోనివ్వండి. పొద్దుగూకే లోపల మూస్తే చాలు."

"నా బకెట్టో?" అంది అత్తగారు.

"సాక్ష్యం," అన్నాడు లక్క, టోపీ పెట్టుకుంటూ.

మేం ఒడ్డుకి పరుగెత్తుతుంటే పక్కన పెద్ద పైపుల్లో ఊరికి వెళ్తున్న నీళ్ళ హోరు వినిపిస్తూనే ఉంది. నాకు ఊపిరి అందడం లేదు. ఆరు గంటలు సరిపోతాయా అని కొంగని అడిగాను. అతను అప్పటికే పడవలోకి దూకి తాడు విప్పుతున్నాడు.

"విషం నడుచుకుంటూ రావాలండి," అన్నాడు. మోటారు తాడు ఒక్క గుంజు గుంజాడు. "మనకి మోటారుంది."